ఆగిన మోటారు – అగ్గువ బేరము

నడచుచున్న వాహనమును కొనవలెనన్న సలహా చెప్పువారు ఎందరో ఉందురు. ఎన్ని కిలోమీటర్లు తిరిగినది, లీటరు పెట్రోలుకు ఎంత దూరము పోవును, రేపు అమ్మవలసి వచ్చిన ఎంత పలుకును అని అడిగి తెలిసికొనవచ్చును. ఆగిపోయిన వాహనమును కొనవలెనా వద్దా అను ప్రశ్నకు ఈ లెక్కలేవియు చాలవు. అందులోను ఆ బండి రెండే సీట్లుగల స్పోర్ట్స్ కారై, దాని ధర తుక్కు ధరకు కొంచెము హెచ్చు మాత్రమే అయినచో, మనిషి మనస్సు తక్కెడ ముల్లువలె ఊగుట మొదలిడును. ఈ ఊగులాట క్రొత్తది కాదు. మన హైదరాబాదు చరిత్రలో దీనికి నిజాముల గ్యారేజీలలోనే ఉదాహరణము కలదు. సీమలో ఒక పేద విద్యార్థి కథయు కలదు. ఆ రెండింటిని ప్రక్క ప్రక్కన నిలిపి చూచినచో నేటి గృహస్థునకు పనికివచ్చు నియమము ఒకటి దొరకునని మా నమ్మకము.

ముందుగా ఒక ఉదాహరణము కల్పించుకొందము. పంజగుట్టలో ఒక పాత బంగళా కలదనుకొనుడు. వారసులు దానిని పడగొట్టి అపార్టుమెంట్లు కట్టించుటకు నిశ్చయించినారు. పెరటిలో వేపచెట్టు క్రింద, ఇటుకలపై నిలిపిన చిన్న బండి ఒకటి ఉన్నది. పైకప్పు గుడ్డ చివికిపోయినది. చక్రములు నేలకు తగులుట లేదు. బానెట్టు క్రింద తొండలు కాపురమున్నవి. పది దినములలో తీసికొనిపోవువారికి చవకగా ఇచ్చివేయుదుమని వారసులు అనుచున్నారు. అమీర్‌పేటలో కాపురమున్న ఉద్యోగి ఒకడు దానిని చూచి వచ్చి ఇంటిలో చెప్పెను. "నడవని బండికి డబ్బు పోయడం ఎందుకురా?" అని తండ్రి అన్నాడు. "తెచ్చి పెట్టేది ఎక్కడండీ?" అని భార్య అన్నది. "అన్నయ్యా, ఈ ధరకు మోటారు సైకిలు కూడా రాదు, వదలొద్దు" అని తమ్ముడు అన్నాడు. తండ్రి ఖర్చును గూర్చి అడిగెను, భార్య చోటును గూర్చి అడిగెను, తమ్ముడు ధరను చూచెను. నాల్గవ ప్రశ్నను ఎవరును వేయలేదు. "దీనిని పూర్తి చేయువారెవరు?" అనునది ఆ నాల్గవ ప్రశ్న. చరిత్ర చెప్పు సాక్ష్యమంతయు దీని చుట్టునే తిరుగుచున్నది.

ఇట్టి బండ్లు మన నగరపు పెరటిలోనికి ఎట్లు వచ్చినవో మొదట చూతము. మోటారు కారు మన దేశమునకు ఓడలపై వచ్చిన వస్తువు. 1926లో ఫోర్డు కంపెనీయు, 1928లో జనరల్ మోటార్సు కంపెనీయు ఈ దేశమున శాఖలు తెరచి, పరదేశమునుండి విడిభాగములుగా వచ్చిన కార్లను ఇక్కడ బిగించి అమ్మసాగినవి. అవి ఎక్కువగా సంసారులకును, కంపెనీలకును పనికివచ్చు పెద్ద బండ్లు. వేడుక కొరకు నడపు చిన్న స్పోర్ట్స్ కార్లు ముఖ్యముగా ఇంగ్లండునుండి వచ్చెడివి. వానిలో ఎమ్.జి. పేరు అందరెరిగినది. ఆక్స్‌ఫర్డులోని మోరిస్ గ్యారేజెస్ అను సంస్థ పేరులోని తొలి అక్షరములే ఎమ్.జి. ఆ కంపెనీ 1945 మొదలు 1949 వరకు చేసిన టి.సి. అను రెండు సీట్ల బండ్లు మొత్తము సుమారు 10,000. ఇంజను 1,250 సి.సి. మాత్రమే. ఉక్కు రేకుల క్రింద బండి గూడంతయు కొయ్య చట్రముపై నిలిచియుండెడిది. ఈ కొయ్య సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. చెదలు గల మన దేశమున అది చిన్న విషయము కాదు.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ప్రభుత్వము స్వదేశీ పరిశ్రమను పెంచదలచినది. ఇక్కడ క్రమక్రమముగా విడిభాగములను తయారు చేయు ప్రణాళిక గల కంపెనీలే ఈ రంగమున ఉండవలెనని 1953లో టారిఫ్ కమీషను సిఫార్సు చేసినది. కేవలము బిగించి అమ్ము విదేశీ కంపెనీలు ఆ తరువాత తలుపులు మూసికొన్నవి. దిగుమతులు బిగిసినవి. అప్పటికే దేశములో ఉన్న విదేశీ స్పోర్ట్స్ కార్లు చేతులు మారుచు, ఊళ్లు మారుచు బ్రతుకవలసి వచ్చినది. చేతులు మారినప్పుడెల్ల బండిలో ఏదో యొక భాగము మారినది. విరిగిన కార్బురేటరునకు బదులు వేరొక బండిది, పోయిన దీపమునకు బదులు లారీది అమర్చుచు కాలము గడపినారు. నేడు మనము ఒక పెరటిలో చూచు పాత బండి అట్టి సర్దుబాట్ల చరిత్రను తనలో మోయుచుండును.

మధ్యతరగతి ఇండ్లకు అందిన మరియొక బండిని కూడ ఇక్కడ చెప్పవలెను. 1961లో మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రాడక్ట్స్ కంపెనీ, ఇంగ్లండులోని ట్రయంఫ్ హెరాల్డ్ నమూనాతో స్టాండర్డ్ హెరాల్డ్ అను కారును తయారు చేయ మొదలిడినది. అది స్పోర్ట్స్ కారు కాదు. అయినను దాని చాసిస్ వేరుగా, గూడు వేరుగా ఉండును. బానెట్టు మొత్తము ముందుకు తెరచుకొనును. ఆ హెరాల్డ్ చాసిస్సును కురుచచేసియే ఇంగ్లండులో 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అను స్పోర్ట్స్ కారును చేసినారు. కావున హెరాల్డును స్పోర్ట్స్ కారునకు దాయాది అనవచ్చును. తక్కువ ధరలో పాత బండిని పునరుద్ధరింపగోరు మనవారిలో కొందరి చూపు దీనిమీదకు పోవుటకు కారణమిదియే.

ఆగిన బండి అనగా నిద్రించుచున్న బండి అని చాలమంది తలంతురు. నిజమునకు నడచు బండి అరుగును, ఆగిన బండి కుళ్లును. ట్యాంకులోని పెట్రోలు ఆరి బంకవలె మారి కార్బురేటరులోని సన్నని రంధ్రములను మూసివేయును. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొని సిలిండరులను లోలోపల తుప్పు పట్టించును. పిస్టన్ రింగులు సిలిండరు గోడలకు అతుకుకొని ఇంజను బిగిసిపోవును. రబ్బరు గొట్టములు ఎండి పగులును. వైరింగును ఎలుకలు కొరుకును. మన ఇండ్లలో అటకమీద పెట్టిన పాత వాల్వు రేడియోను తలచుకొన్నచో ఈ విషయము సులభముగా బోధపడును. తాత కొన్న రేడియో అని దాచితిమి, ఎన్నడో బాగుచేయింతుమని అనుకొంటిమి. ఇంతలో దానిలోని కండెన్సరులు ఎండిపోయినవి. ఎవరును ముట్టకపోయినను వస్తువు చెడుచునే యుండును. దాచుట వేరు, కాపాడుట వేరు.

ఈ భేదమును మన నగరమునకు కన్నులకు కట్టినట్లు చూపినది కింగ్‌కోఠి. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఐశ్వర్యము లోకప్రసిద్ధము. 1937 ఫిబ్రవరి 22వ తేదీ సంచిక ముఖచిత్రముగా ఆయన బొమ్మ వేసి, ప్రపంచములో మిక్కిలి ధనవంతుడని అమెరికాలోని టైమ్ పత్రిక ప్రకటించినది. అట్టి ప్రభువు 1967 ఫిబ్రవరి 24న కన్నుమూసెను. మనుమడు ముకరం జా వారసుడయ్యెను. ఆయన ఆస్తుల లెక్కలు చూచుకొన్నప్పుడు గ్యారేజీలో 60 కార్లు ఉండగా నడచునవి నాలుగే అని చరిత్రకారులు వ్రాసినారు. ఐనను ఆ కార్ల పెట్రోలుకును, విడిభాగములకును ఏటేట వేల పౌనుల ఖర్చు లెక్కలలో కనబడుచుండెనట. 1967 ఏప్రిల్‌లో పట్టాభిషేకమునకు క్రొత్త నిజామును తీసికొనిపోవుచున్న కారే దారిలో ఆగిపోయెనట!

ఈ కథను విని నవ్వి ఊరకొనరాదు. అక్కడ లోపించినదేమి? ధనమునకు కొరత లేదు. చోటునకు కొరత లేదు. పనివారు వేలమంది ఉండిరి. ఐనను ఈ బండి నడువవలెను, ఈ బండి మరియొకరికి పోవలెను, ఈ బండి ఫలానా నెలకు పూర్తికావలెను అని తేల్చి చెప్పి దగ్గరనుండి చేయించినవారు లేరు. నిర్ణయము లేని చోట 60 బండ్లకును ఒకటే గతి పట్టినది. ఏనుగు చచ్చినా వెయ్యే, బ్రతికినా వెయ్యే అను సామెత ఏనుగులకు చెల్లునేమో కాని, మోటారులకు చెల్లదు. చచ్చిన మోటారు వెల దినదినము తరుగుచుండును. దానిని బ్రతికించు ఖర్చు దినదినము పెరుగుచుండును.

ఆ నిజాముల వాహనములలోనే మరియొక విధమైన కథయు కలదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొరకు ఇంగ్లండులో ఒక రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు తయారైనది. అది 1912 నాటి బండి. వెనుకభాగమున సింహాసనమువంటి ఎత్తైన ఆసనము, పైన పసుపుపచ్చని రంగు. చేయించుకొన్న ప్రభువు 1911 ఆగస్టులోనే మరణించెను. ఆయన ఆ కారు ఎక్కనేలేదు. తరువాతి కాలమున దానిని ఉత్సవములకు మాత్రమే వెలుపలికి తీసిరి. అది తిరిగిన దూరమంతయు కొన్ని వందల మైళ్లే. చిరకాలము మరుగుననున్న ఆ కారు బాగుచేయబడి నేడు చౌమహల్లా రాజభవనములో ప్రదర్శింపబడుచున్నది. శిథిలమైన ఆ భవన సముదాయమునే జాగ్రత్తగా పునరుద్ధరించి 2005లో ప్రజలకు తెరచినారు. ఆ పనికి 2010లో యునెస్కో వారి ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారము వచ్చినది. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియములో కూడ 1930 నాటి రోల్స్ రాయిస్, ప్యాకార్డ్, జాగ్వార్ మార్క్ ఫైవ్ కార్లను నేడు చూడవచ్చును. గుర్తింపదగిన సంగతి ఒకటి. ఆ బండ్లను కాపాడినది వాని వెల కాదు. ఇది మా పని, దీనికి ఒక ఆది, ఒక అంతము కలదు అని కొందరు పూనుకొనుటయే కాపాడినది.

ఇక సీమకు పోయి ఒక పేద గ్యారేజీని చూతము. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత లండను విశ్వవిద్యాలయ కళాశాలలో ఇంజనీరింగు చదువుచున్న కాలిన్ చాప్‌మన్ అను యువకుడు, స్నేహితునితో కలిసి పాత కార్లను కొని అమ్ము చిన్న బేరము సాగించుచుండెను. 1947 చివర బ్రిటిషు ప్రభుత్వము సామాన్యులకిచ్చు పెట్రోలు రేషనును రద్దుచేసినది. పెట్రోలు లేని కారును కొనువారెవరు? చేతిలోనున్న బండ్లను నష్టమునకు వదిలించుకొనగా, ఎవరును కొనని ఒక పాత ఆస్టిన్ సెవెన్ మిగిలినది. ఆస్టిన్ సెవెన్ అనగా 1922 నుండి 1939 వరకు సుమారు 2,90,000 సంఖ్యలో తయారైన సామాన్యుల చిన్న కారు. చాప్‌మన్ ఆ మిగిలిన బండిని తనకు కాబోవు భార్య తల్లిదండ్రుల ఇంటి వెనుక గ్యారేజీలో పెట్టి, దాని పాత గూడు తీసివేసి, ప్లైవుడ్డుతో తేలికైన క్రొత్త గూడు కట్టి 1948లో పందెపు బండిగా మార్చెను. దానికి లోటస్ అని పేరు పెట్టెను. 1952లో ఆ పేరుతోనే కంపెనీ వెలసినది. తరువాతి కాలమున ఆ లోటస్ కంపెనీ ఫార్ములా వన్ పందెములలో 7 పర్యాయములు నిర్మాతల ఛాంపియన్‌షిప్పును గెలుచుకొన్నది.

కింగ్‌కోఠిని, ఆ లండను గ్యారేజీని ప్రక్క ప్రక్కన పెట్టుడు. ఒకచోట 60 కార్లు, ప్రపంచములోకెల్ల గొప్ప సంపద. రెండవచోట ఒకే కారు, అదియు బేరము పోని కారు, అరువు చోటు. రెండవదే లేచి నడచినది. చాప్‌మన్‌నకు ఇంజనీరింగు విద్య కలదు, పనిముట్లు పట్టు చేతులు కలవు, బండి ఏమి కావలెనో మనస్సులో బొమ్మ కలదు. ఆగిన బండిని కొనువాడు ఒక వస్తువును కొనుచున్నానని భ్రమించును. అతడు నిజముగా కొనుచున్నది ఒక పనిని. ఆ పని చేయుటకు ఇష్టము, తీరిక, చేతులు ఉన్నవానికే అది చవక. ఇతరులకు ఊరకనే ఇచ్చినను ప్రియమే.

ఐతే చాప్‌మన్ కథను మనము గ్రుడ్డిగా అనుసరింపరాదు. అతడు పాత బండిని కాపాడలేదు, మార్చివేసినాడు. కాపాడుట ఒక మార్గము, మార్చుట మరియొక మార్గము. కొనకముందే ఈ రెండింటిలో ఒకదానిని ఎన్నుకొనవలెను. ఎందుకనగా నేటి చట్టము ఈ రెండింటిని వేర్వేరుగా చూచుచున్నది. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము వింటేజి వాహనముల నమోదునకు ప్రత్యేక నియమములు చేసినది. మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటిన, వ్యాపారమునకు వాడని ద్విచక్ర వాహనములు, కార్లు దీని క్రిందికి వచ్చును. చాసిస్, గూడు, ఇంజను మూలరూపమున ఉండవలెను. వానిని గణనీయముగా మార్చియుండరాదు. క్రొత్త నమోదునకు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏండ్లు. అట్టి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుటకు, మరమ్మతునకు నడుపవచ్చును గాని నిత్యము ఆఫీసునకు పోయి వచ్చుటకు నడుపరాదు. కావున మూలరూపమును మార్చినవానికి ఈ గౌరవము దక్కదు. గౌరవము పొందినవానికి ప్రతిదిన ప్రయాణము దక్కదు.

ఇప్పుడు మన అమీర్‌పేట కుటుంబము వేసిన మూడు ప్రశ్నలకు వత్తము. తమ్ముడు చెప్పిన ధర మాట మొదటిది. లాడము దొరికినదని గుఱ్ఱమును కొన్నట్లు అను సామెత మనకు కలదు. నడవని బండి ధర ఆ లాడము వంటిది. బండిని లారీపై తెచ్చు కిరాయి, ఇంజను విప్పి బోరు చేయించుట, బ్రేకులు, క్లచ్చి ప్లేటు, టైర్లు, టింకరింగు, రంగు, వైరింగు, సీట్లు, కాగితములు అన్నియు కలిపి ఒక కాగితముపై వ్రాసికొనవలెను. తెలియని ఖర్చులకు మరికొంత చేర్చవలెను. అట్టిదే మరియొక బండి, నడచుచున్నది, బజారులో ఎంతకు దొరకునో విచారించి ప్రక్కన వ్రాయవలెను. చాలసార్లు నడచుచున్న బండియే తక్కువకు తేలును. అప్పుడు కారు మాత్రమే కావలసినవాడు నడచు బండినే కొనుట తెలివి. విప్పుట, బిగించుట, నేర్చుకొనుట కావలసినవానికి మాత్రమే ఆగిన బండి తగును.

బండిని చూడబోవునప్పుడు ఒక అయస్కాంతము, ఒక స్క్రూడ్రైవరు, ఒక టార్చిలైటు తీసికొనిపోవలెను. రంగు క్రింద ఉక్కు రేకు ఉన్నదో, పుట్టీ పూత ఉన్నదో అయస్కాంతము చెప్పును. చాసిస్సును క్రిందనుండి స్క్రూడ్రైవరుతో పొడిచి చూచినచో తుప్పు లోతు తెలియును. కొయ్య చట్రము గల బండి అయినచో తలుపులు ఎత్తి చూడవలెను. అవి వ్రేలాడినచో కొయ్య పోయినదని గ్రహింపవలెను. స్పార్కు ప్లగ్గులు తీసి ఆ రంధ్రములలో కొంచెము నూనె పోసి, ఒక దినము ఆగి, ఇంజనును చేతితో మెల్లగా త్రిప్పి చూడవలెను. తిరిగినచో ఆశ కలదు. తిరుగనిచో బేరము మరల మొదటినుండి ఆడవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి. విరిగిన భాగము కంటె లేని భాగము ఎక్కువ ఖర్చు. విరిగినదానిని చూచి లేతు మెషీనుపై మరియొకటి చేయింపవచ్చును. లేనిదానికి కొలత ఎక్కడనుండి వచ్చును? కావున డబ్బాలలోను, సంచులలోను ఉన్న సామానంతయు లెక్కపెట్టి తీసికొనవలెను.

కాగితముల సంగతి ఇంజను సంగతికంటె గట్టిది. చాసిస్ మీద చెక్కిన సంఖ్యయు, ఆర్.సి. పుస్తకములోని సంఖ్యయు అక్షరము తప్పకుండ కలియవలెను. అమ్మకమునకు 29, 30 ఫారములు కావలెను. యజమాని మరణించియున్నచో ముందు వారసుని పేరునకు మార్చుటకు 31వ ఫారము కావలెను. పాత బంగళాలలో బండ్లు ఆగిపోవుటకు ఇంజనుకంటె అన్నదమ్ముల వాటాలు కారణమగుట కద్దు. ఒక వారసుడు డబ్బు తీసికొని తాళముచెవి ఇచ్చిన తరువాత మరియొక వారసుడు వచ్చి నా సంతకమేది అని అడిగినచో, బండి మరల ఇటుకల మీదనే నిలుచును. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగియును. ఆ తరువాత ఐదేసి ఏండ్లకు పొడిగింపు పొందవలెను. దానికి బండిని నడచు స్థితిలో తనిఖీకి చూపవలెను. కాగితములు సరిలేని బండి ఎంత చవకయైనను విడిభాగముల పోగు మాత్రమే అని ఎంచవలెను.

ఇక తండ్రి అడిగిన డబ్బు ప్రశ్న. దానికి సమాధానము పనివారి చేతులలో ఉన్నది. ఈ విషయమున మన నగరము పేద కాదు. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో ఆరంభమైనప్పటినుండి ఇక్కడ మోటారు పని నేర్చిన కుటుంబములు వెలసినవి. అమీర్‌పేటకు చేరువనున్న సనత్‌నగరమున 1942లో స్థాపించిన హైదరాబాద్ ఆల్విన్ కార్ఖానా బస్సు గూళ్లు కట్టెడిది. ఆ కార్ఖానా నేడు లేదు గాని రేకును వంచుట, అతుకుట, నున్నచేయుట తెలిసిన పనితనము ఆ చుట్టుప్రక్కల మిగిలినది. సికిందరాబాదు రాణీగంజులో విడిభాగముల దుకాణములు వరుసగా ఉన్నవి. ఆదివారమునాడు ఎర్రగడ్డలో జరుగు పాత సామానుల సంతలో ఓపికగలవానికి పానాలు, బేరింగులు, మీటర్లు దొరకుట కలదు. బహదూర్‌పురాలో 2010లో తెరచిన సుధా కార్ల ప్రదర్శనశాలకు పోయినచో తుక్కు సామానుతో బూటు, పెన్ను, క్రికెట్ బంతి ఆకారములలో చేసిన నడచు కార్లే కనబడును. ఈ ఊరి చేతులకు అసాధ్యమైన పని తక్కువ. ఐతే పాత కార్బురేటరును చెవితో విని సరిచేయగల మేస్త్రీలు వృద్ధులగుచున్నారు. నేటి కుర్రవారు కంప్యూటరు తగిలించి దోషమును చూచుట నేర్చినారు. పాత బండికి కంప్యూటరు తగిలించు చోటే లేదు. కావున బండిని చూడకముందే దానిని విప్పగల ఒక మేస్త్రీని చూచి మాట్లాడవలెను. మేస్త్రీ దొరికిన తరువాతనే బండి. దూడకంటె ముందు పలుపు కొనుట వెఱ్ఱితనమందురు. ఇక్కడ మాత్రము పలుపే ముందు.

పెట్రోలు విషయమును కూడ మరువరాదు. నేడు బంకులలో అమ్ము పెట్రోలులో 20 శాతమువరకు ఇథనాలు కలియుచున్నది. పాత బండ్ల రబ్బరు గొట్టములు, కార్బురేటరు లోపలి భాగములు దానికొరకు చేసినవి కావు. వానిని తగినవానితో మార్చవలెను. ట్రాఫిక్కు మరియొక పరీక్ష. ఎండకాలపు మధ్యాహ్నము పంజగుట్ట చౌరస్తాలో పావుగంట నిలిచినచో పాత రేడియేటరు కాగి ఆవిరి చిమ్మును. అమీర్‌పేటలో 2017 నవంబరునుండి మెట్రో రైలు కలదు. ఆఫీసునకు పోవుటకు పాత బండి అక్కరలేదు. ఒక విధముగా ఇది మంచిదే. బండిపై నిత్యావసరపు భారము లేనప్పుడు తొందర లేకుండ పని సాగును.

భార్య అడిగిన చోటు ప్రశ్నను మేము చివరకు ఉంచితిమి. ఏలననగా అది అన్నిటిలోను బలమైనది. అపార్టుమెంటులో ఒక బండికి మాత్రమే చోటుండును. విప్పిన బండి మూడు బండ్ల చోటు ఆక్రమించును. నూనె మరకలకు పొరుగువారు ఊరకొనరు. చోటుతో కాలమును కూడ కొలువవలెను. ప్రతి ఆదివారము నాలుగు గంటలు పనిచేసినచో ఏడాదికి 208 గంటలు. ఒక బండిని మొదలంట విప్పి కట్టుటకు 1,000 గంటలు పట్టుననుకొన్నచో ఐదేండ్లు కావలెను. ఆ ఐదేండ్లలో పెండ్లిండ్లు, పిల్లల చదువులు, బదిలీలు, పెద్దల ఆరోగ్యము అన్నియు వచ్చును. ఆ ఆదివారములు ఎవరివి? భర్త ఒక్కనివి కావు. ఇంటిల్లిపాదికి చెందిన కాలమును పెట్టుబడిగా పెట్టునప్పుడు ఇంటిల్లిపాది అంగీకారము కావలెను. అంగీకారముతో మొదలైన పనిలో కొడుకు పానా అందించును, కూతురు నట్లు లెక్కపెట్టును. అంగీకారము లేని బండి ప్రతి పండుగకు ఒక తగవు తెచ్చును.

కావున మా నియమము ఇది. మేస్త్రీ సిద్ధము, చోటు సిద్ధము, కాగితములు శుద్ధము, ఇంటివారు సుముఖులు అను నాలుగును కుదిరినచో బండిని కొనవచ్చును; ధర కొంచెము హెచ్చైనను బాధ లేదు. నాలుగింటిలో ఏ ఒక్కటి లేకున్నను, ఊరకనే ఇచ్చినను కొనరాదు. కొన్న దినముననే ఒక పుస్తకమున గడువు వ్రాసికొనవలెను. ఏడాదిలోపల ఇంజను తిరుగవలెను; అట్లు తిరుగనిచో చేయగల మరియొకరికి మొత్తము సామానుతో అప్పగింపవలెను.

వద్దనుకొన్నవాడు కూడ ఆ బండికి మేలు చేయగలడు. బంగళాను పడగొట్టులోపల, చోటును చేతులును గల వేరొకరికి ఆ కబురు చేరవేసినచో చాలును. ఒక వేపచెట్టు క్రిందినుండి మరియొక వేపచెట్టు క్రిందికి మారిన బండి రక్షింపబడినట్లు కాదు. కింగ్‌కోఠి గ్యారేజీలో నిలిచిన ఆ కార్లన్నియు రక్షింపబడుచున్నవనియే అందరును అనుకొనిరి. దాచుకొనువాని ఇంటికంటె పూర్తిచేయువాని షెడ్డునకు బండిని పంపుటయే దానిని నిజముగా కాపాడుట.